మోకాలి లిగమెంట్ తెగిందా? డ్రాయర్ పరీక్ష, లాక్‌మన్ పరీక్ష

ఉప్పల్‌లో షటిల్ ఆడుతూ నా మోకాలు మెలిపడింది. లిగమెంట్, అంటే ఎముకలను కలిపి ఉంచే పట్టీ, తెగిందేమో చూడటానికి ఎమ్మారై స్కాన్‌కి ముందే డాక్టర్ చేత్తో రెండు పరీక్షలు చేశారు.

డ్రాయర్ పరీక్షలో మోకాలిని 90 డిగ్రీలు మడిచి, పాదం కదలకుండా దాని మీద కూర్చుని, మోకాలి కింది ఎముకను రెండు చేతులతో ముందుకు లాగుతారు. సులువే. కానీ వాచిన మోకాలు అంత మడవనిస్తుందా? పైగా నొప్పికి తొడ వెనక కండరాలు బిగుసుకుని, లిగమెంట్ తెగినా తెగనట్టే అనిపిస్తుంది.

లాక్‌మన్‌కు 20-30 డిగ్రీల వంపు చాలు. ఒక చెయ్యి తొడను పట్టుకుంటుంది, రెండోది కింది ఎముకను లాగుతుంది. లిగమెంట్ బాగుంటే టక్కున ఆగుతుంది, తెగితే మెత్తగా జారుతుంది. ముందు బాగున్న కాలే చూశారు, తేడా తెలియాలని. కొత్త దెబ్బకు నా ఓటు దీనికే. కాకపోతే తొడ లావైతే, డాక్టర్ చేతులు చిన్నవైతే పట్టు చిక్కదు.