మాంటిచెల్లో భోజనశాలను నేలమాళిగ నుంచి చూడాలి

ఇండియా నుంచి చుట్టాలు వచ్చిన ప్రతిసారీ, వాషింగ్టన్ నుంచి కారులో సుమారు రెండున్నర గంటల దూరంలో, వర్జీనియాలో ఉన్న థామస్ జెఫర్సన్ ఇల్లు మాంటిచెల్లోకు తీసుకువెళ్లడం మాకు ఆనవాయితీ. ఈసారి మాత్రం నేను పట్టుబట్టి, అమెరికా స్వాతంత్ర్య ప్రకటన రాసిన మనిషిని కాక, భోజనప్రియుడైన మనిషిని వెతికాను.

ముదురు పసుపు గోడల భోజనశాలలో ముందుగా గమనించవలసింది బల్లను కాదు, నిప్పుగూటిని. దాని రెండు పక్కలా ఒదిగి ఉన్న సన్నని తలుపుల వెనుక, కింది వైను గది నుంచి సీసాలను పైకి చేరవేసే చిన్న లిఫ్టులు ఉన్నాయి. వంటకాలు తెచ్చినవారు అతిథుల కంటపడకుండా, అరలు బిగించిన తిరుగుడు తలుపు మరొకటి ఉంది. ఏర్పాటు ముచ్చటగానే ఉంటుంది గాని, అది దాచింది పళ్లేలను మోసుకొచ్చిన బానిసలనని తెలిశాక ఆ ముచ్చట అంతగా నిలవదు.

1784 నుంచి 1789 వరకు ఫ్రాన్సులో ఉన్న జెఫర్సన్, 1787లో దక్షిణ ఫ్రాన్సు, ఉత్తర ఇటలీ ద్రాక్షతోటల మధ్య తిరిగి వైను గురించి స్వయంగా తెలుసుకున్నాడు. అమెరికా అధ్యక్షుడిగా ఏటా 25,000 డాలర్ల జీతం అందుకున్న ఎనిమిదేళ్లలో వైనుకే పదివేల డాలర్లకు పైగా ఖర్చుపెట్టాడు. అయినా భోజనంతోపాటు తాగేది బీరో, ఆపిల్ సైడరో; వైను వచ్చేది బల్లమీది గుడ్డ తీసేశాకనే. మాంసం కూడా కూరగాయలకు నంజుకోవడానికే తింటానని 1819 నాటి ఉత్తరంలో రాశాడు. నువ్వులనూనె ఆయనకు ఎంత నచ్చిందంటే, ఆలివ్ నూనెకు బదులుగా వాడుకోవడానికి నువ్వులు సాగు చేయించాడు. ఈ మాట విన్న మా పిన్నికి ఆ ఇంటి మీద గౌరవం పెరిగింది! సొంత ద్రాక్షతో వైను చేయాలన్న కోరిక మాత్రం ఆయన జీవితకాలంలో తీరలేదు.

వంటశాల దగ్గర తొందరపడకండి. ఇటుకలతో కట్టిన కుంపట్ల వరుస, ఫ్రెంచి పద్ధతిలో సన్నని సెగమీద పులుసులు, సాసులు చేయడానికి ఉద్దేశించినది. ఆ విద్య కోసం జెఫర్సన్ తన బానిస జేమ్స్ హెమింగ్స్‌ను పారిస్‌కు వెంటబెట్టుకు వెళ్లాడు. తన తమ్ముడు పీటర్‌కు వంట నేర్పిన తరువాతే, 1796లో జేమ్స్‌కు విముక్తి దొరికింది. 1826లో జెఫర్సన్ చనిపోయేనాటికి అప్పు లక్ష డాలర్లు దాటింది. మరుసటి జనవరిలో 130 మంది బానిసలను అక్కడే వేలానికి పెట్టారు.

అందుకే ముందు నేలమాళిగ, వంటశాల చూసి, ఆ తరువాతే భోజనశాలకు వెళ్లమంటాను. వైను రుచి తెలియని మా చుట్టాలకు కూడా ఎక్కువసేపు గుర్తుండిపోయింది, విముక్తి పొందిన ఏడాది జేమ్స్ హెమింగ్స్ స్వదస్తూరీతో రాసిన వంటపాత్రల జాబితా.