అరచేతిలో ఇమిడే అల్ట్రాసౌండ్: ఆరు నెలల వాడకం

బెంగళూరు మారతహళ్లిలోని మా క్లినిక్‌లో ఆరు నెలలుగా వాడుతున్న ఈ చేతి స్కానర్‌లో, పాత యంత్రాల పీజోఎలక్ట్రిక్ (విద్యుత్ ఇస్తే కంపించే) స్ఫటికాలు చేసే పనిని, అంటే ధ్వని తరంగాలను పంపి వాటి ప్రతిధ్వనిని పట్టుకోవడాన్ని, సిలికాన్ చిప్పే చేస్తుంది. ప్రతిధ్వనులను ప్రోబ్‌లోనే, అంటే ఒంటికి ఆనించే పరికరంలోనే, కలిపి కుదించడం వల్ల బొమ్మ చూపే ఫోన్‌కు పంపవలసిన డేటా, దానితోపాటు విద్యుత్ ఖర్చు బాగా తగ్గుతాయి. ఈ పొదుపు బ్యాటరీ కోసమే కాదు, ప్రోబ్ వేడెక్కకుండా ఉండటానికి కూడా. రోగి చర్మానికి తాకే భాగం 43 డిగ్రీల సెల్సియస్ దాటకూడదన్నది భద్రతా ప్రమాణం.

మొన్న కడప నుంచి కొడుకు ఇంటికి వచ్చిన ఒక పెద్దాయన పిత్తాశయంలో రాయి, దాని వెనుక నల్లని నీడతో సహా స్పష్టంగా కనిపించింది. “ఇంత చిన్నదాంట్లో తెలుస్తుందా డాక్టరమ్మా?” అంటూ ఆయన కూడా తెర మీదికి వంగారు.

అయితే స్థూలకాయుల్లో కాలేయపు లోతైన భాగం మసకబారుతుంది. ఏప్రిల్ ఎండల్లో వరుసగా నలుగురిని చూసేసరికి ప్రోబ్ వేడెక్కి దానంతటదే ఆగిపోయేది. బయట వరుసలో ఉన్నవారికి సమాధానం చెప్పుకోవడం నా వంతు. ఏటా కట్టే సాఫ్ట్‌వేర్ చందా సంగతి అమ్మేటప్పుడు ఎవరూ చెప్పలేదు. కొనదలచినవారు జేబులో పట్టే పరికరమే కదా అనుకోకుండా, గర్భస్థ శిశువు లింగ నిర్ధారణను నిషేధించే 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం కింద ముందే రిజిస్టర్ చేయించుకోవాలి.