సెలూనా, వ్యానా, ఇల్లా? కుక్క మనసుకు ఏది మేలు

షిట్జూనో, పామరేనియన్‌నో తెచ్చుకున్నవాళ్లు ఆర్నెల్లు తిరిగేసరికి నన్ను అడిగేది ఒకటే: "గ్రూమింగ్ ఎక్కడ చేయిస్తే మంచిదండీ?" గ్రూమింగ్ అంటే స్నానం, దువ్వడం, జుట్టు, గోళ్లు కత్తిరించడం. ఖర్చు, దూరం వాళ్లే లెక్కేసుకుని ఉంటారు. నేను మాత్రం కుక్క భయం సంగతే మొదట అడుగుతాను.

మా చిట్టి షిట్జూ. మొదటి రెండేళ్లు దగ్గర్లోని సెలూన్‌కే తీసుకెళ్లాం. లోపలికి తీసుకెళ్లి తలుపేసేవారు. రెండు గంటల తర్వాత పిలక వేసి చేతికిచ్చి, "చాలా బుద్ధిమంతురాలండీ, కదలనే కదలదు" అంటే మురిసిపోయేవాళ్లం. ఒకసారి తలుపు ఓరగా తీసి ఉంటే చూశాను. టేబుల్ మీద, మెడకు తాడుతో నిలబడి ఉంది. తోక కాళ్ల మధ్యకి ముడుచుకుపోయింది. కంటి అంచున తెల్లగుడ్డు కనిపిస్తోంది. పక్కనే డ్రయ్యర్ హోరు. మాటిమాటికీ ముక్కు నాక్కుంటోంది. మేం బుద్ధి అనుకున్నది భయం. బిడ్డ కొయ్యబారిపోయి నిలబడింది.

అందుకే నా దృష్టిలో అసలు ప్రశ్న ఇది: కుక్క "ఇక చాలు" అన్నప్పుడు ఆపే వీలు ఎవరికి ఉంది?

సెలూన్‌లో ఆ వీలు తక్కువ. చేయి తిరిగిన పనివాళ్లే ఉంటారు, కానీ బయట ఇంకో కుక్క కాచుకుని ఉంటుంది. మొదలుపెట్టింది ముగించాల్సిందే. ఇంటి ముందుకొచ్చే వ్యాన్ కొంత నయం. ట్రాఫిక్‌లో ప్రయాణం లేదు, వేరే కుక్కల అరుపులు లేవు. కీళ్లనొప్పులున్న ముసలి కుక్కలకైతే నేను వ్యానే చెబుతాను. కాకపోతే ఇరుకు చోటు, డ్రయ్యర్ మోత ఇంకా గట్టిగా వినిపిస్తుంది. మిమ్మల్ని లోపల కూర్చోనిస్తేనే ఒప్పుకోండి.

ఇంట్లో అయితే తొందరే లేదు. కుక్కకు మామూలుగా పద్దెనిమిది గోళ్లు. నేను రోజుకు ఒక్క గోరుతో మొదలుపెట్టాను. మూడు రోజులు కటర్‌ని తిండి గిన్నె పక్కన ఊరికే ఉంచాను. తర్వాత కాలికి తాకించి, ఉడికించిన చికెన్ ముక్క పెట్టాను. ఆ తర్వాతే కత్తిరింపు, అదీ కొన మాత్రమే, ఎందుకంటే లోపల రక్తనాళం ఉంటుంది. కాలు లాక్కుంటే వదిలేసేదాన్ని, బలవంతంగా పట్టుకోలేదు. చిరాగ్ పటేల్ అనే ట్రైనర్ నేర్పే "బకెట్ ఆట" కూడా ఇలాంటిదే: తినుబండారాల డబ్బా వైపు కుక్క చూస్తున్నంతసేపే పని, చూపు తిప్పితే ఆపేయాలి. మా ఇంట్లో బకెట్ బదులు స్టీలు గిన్నె. నెల తిరిగేసరికి చిట్టి తనే వచ్చి చాప మీద కూర్చోవడం మొదలుపెట్టింది.

అలాగని అన్నీ ఇంట్లో కుదరవు. చెవుల వెనక జడలు కట్టిన జుట్టుని కత్తెరతో తీయబోతే చర్మం తెగుతుంది. కళ్ల చుట్టూ కత్తిరించడం కూడా నా వల్ల కాదు. వాటికి రెండు నెలలకోసారి ఇప్పటికీ సెలూన్‌కే వెళ్తాం, వేరే చోటికి. ఫోన్‌లోనే రెండు మాటలు అడిగాను: పక్కన నిలబడనిస్తారా, ఆపమంటే ఆపుతారా? రెండింటికీ సరేనన్నవాళ్ల దగ్గరికే వెళ్లాను. స్నానం, దువ్వడం, గోళ్లు ఇంట్లోనే.

ఎండాకాలం కదా అని గుండు చేయించడం గురించి అడుగుతారు. పామరేనియన్, హస్కీలకు వద్దు, జుట్టు మళ్లీ సరిగ్గా రాకపోవచ్చు. భయపడే కుక్కకు మత్తుమందు ఇచ్చి గ్రూమింగ్ చేయించే సంగతి వెటర్నరీ డాక్టరే తేల్చాలి. కొన్ని మందులు ఒంటిని కదలనివ్వవు గానీ లోపలి భయాన్ని తీయవు.

నిన్న రాత్రి కటర్ తీశాను. నాలుగు గోళ్లయ్యాక చిట్టి కాలు వెనక్కి తీసుకుని గిన్నె మీద నుంచి చూపు తిప్పేసింది. మిగతావి ఇవాళ చూస్తాం.