రైజెన్ 5600జీతో మూడేళ్లు దాటాక: తేడా అంతా రెండో ర్యామ్ స్టిక్‌లోనే ఉంది

మొదటి ఎనిమిది నెలలు ఈ సిస్టమ్ గురించి అడిగిన ప్రతి ఒక్కరికీ వద్దనే చెప్పాను. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. అందుకు కారణం ఒక 8 జీబీ ర్యామ్ స్టిక్. కాబట్టి ఈ సమీక్షలో సగానికి పైగా దాని గురించే ఉంటుంది.

2021 డిసెంబర్‌లో కొన్నాను. అప్పటి గ్రాఫిక్స్ కార్డుల ధరలు గుర్తున్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఒకపక్క ఆ కార్డులతో క్రిప్టో కరెన్సీ మైనింగ్, ఇంకోపక్క చిప్‌ల కొరత. 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650కి కూడా ఇరవై వేల పైమాటే. మానిటర్ కాకుండా నా దగ్గర ఉన్నది మొత్తం 45 వేలు. అందుకే లోపలే గ్రాఫిక్స్ ఉన్న ఏఎండీ ప్రాసెసర్ 5600జీ తీసుకుని, ధరలు దిగాక కార్డు పెట్టుకుందామనుకున్నాను. ఒక శనివారం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఉన్న సీటీసీకి, అదే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి, మధ్యాహ్నం దాకా షాపు షాపూ తిరిగి కొటేషన్లు రాయించుకున్నాను.

చివరికి తీసుకున్న షాపులో ర్యామ్ దగ్గర లెక్క దాటిపోయింది. కౌంటర్‌లో ఉన్నతను తేలిగ్గా చెప్పేశాడు. “ఒక్క ఎనిమిదే పెట్టుకో అన్నా. పైసలు వచ్చినంక పక్కన ఇంకోటి ఏసుకుంటే అయిపాయె.” ఆ రోజు మూడు వేలు మిగిలాయని సంతోషపడ్డాను. ఒక్క స్టిక్‌తో ఈ ప్రాసెసర్ ఎంత నష్టపోతుందో అతను చెప్పలేదు. రోజూ అవే అమ్మే మనిషి ఆ ఒక్క మాట చెప్పి ఉండాల్సింది.

విషయం ఏమిటంటే, 5600జీలోని గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు. మనం పెట్టిన ర్యామ్‌లోంచే వాడుకుంటుంది. 3200 స్పీడున్న డీడీఆర్4 స్టిక్ ఒక్కటే ఉంటే సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ డేటా వెళ్తుంది. రెండు స్టిక్‌లు రెండు ఛానళ్లలో, అంటే ప్రాసెసర్‌కి వెళ్లే రెండు వేర్వేరు దారుల్లో ఉంటే 51.2 జీబీ. మామూలు ఆఫీసు పనికి ఈ తేడా పెద్దగా తెలియదు. గేమ్‌లో మాత్రం ప్రతి ఫ్రేమ్‌కీ తెలుస్తుంది.

నాకు బాగానే తెలిసింది. జీటీఏ 5 నార్మల్ సెట్టింగ్స్‌లో 1080పీకి 40 ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) అటూ ఇటూ వచ్చేది. దానికంటే పెద్ద బాధ ఆగి ఆగి నడవడం. కారు స్పీడు పెంచి మలుపు తిప్పగానే రోడ్డు ఒక్క క్షణం బిగుసుకుపోయి, కళ్లు తెరిచేసరికి కారు గోడలో ఉండేది. 8 జీబీలో 2 జీబీ గ్రాఫిక్స్‌కే కేటాయించి ఉంది, మిగతా ఆరులో విండోస్, బ్రౌజర్, గేమ్ సర్దుకోవాలి. ఆఫీసు నుంచి కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో ఈదుకుంటూ వచ్చి గంటసేపు ఆడుకుందామని కూర్చుంటే ఇదీ పరిస్థితి. ఆ రోజుల్లో కొన్నిసార్లు డబ్బులన్నీ నీళ్లలో పోశానని నిజంగానే దిగులుపడ్డాను.

2022 ఆగస్టులో అదే కంపెనీ, అదే స్పీడు ఉన్న రెండో స్టిక్ కొన్నాను. సైడ్ గ్లాస్ తీసి చూస్తే, షాపతను పెట్టిన స్టిక్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య ఒక స్లాట్ ఖాళీగా ఉంది. పక్కన వేసుకోమన్నాడుగా, అందులోనే పెట్టాను. రెండు బొటనవేళ్లతో నొక్కితే క్లిప్ టక్కుమని పడింది. పవర్ బటన్ నొక్కాను. ఫ్యాన్ తిరుగుతోంది, స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంది. ఆ నిమిషం పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. కొత్త ర్యామ్ పెట్టాక మొదటిసారి బోర్డు దాన్ని సరిచూసుకోవడానికి కాస్త టైమ్ తీసుకుంటుందని తర్వాత తెలిసింది. మీకూ అలాగే జరిగితే కంగారుపడి ప్లగ్ పీకేయకండి, కాసేపు ఆగండి.

విండోస్ 16 జీబీ చూపించింది. గేమ్ పెట్టాను. బిగుసుకుపోవడం చాలావరకు తగ్గింది. కానీ మూలన ఉన్న ఎఫ్‌పీఎస్ అంకె 42 దగ్గరే కూర్చుంది. ఇంతేనా అనుకుని రెండు రోజులు అలాగే ఆడాను.

మూడో రోజు రాత్రి మా రూమ్మేట్ గ్లాస్‌లోంచి లోపలికి చూసి, “ఇవి పక్కపక్కనే ఉన్నాయేంట్రా?” అన్నాడు. అట్టపెట్టెలోంచి మదర్‌బోర్డు మాన్యువల్ వెతికి తీశాం. అందులో ఒక చిన్న పట్టిక ఉంది. రెండు స్టిక్‌లయితే ఏ2, బీ2 స్లాట్‌లలో పెట్టాలని, అంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండోదీ నాలుగోదీ. నేను పెట్టినవి ఏ1, ఏ2. రెండూ ఒకే ఛానల్. సైజు పెరిగింది, దారి వెడల్పు మాత్రం అంతే ఉంది. కొత్త స్టిక్ తీసి నాలుగో స్లాట్‌లో పెట్టి, సీపీయూ-జడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో చూస్తే డ్యూయల్ అని, అంటే రెండు ఛానళ్లని వచ్చింది. గేమ్ తెరిస్తే 58, 60, 61.

అదే స్టిక్, అదే గేమ్, అదే మలుపు. కాస్త పక్కకు జరిపినందుకు దాదాపు ఇరవై ఫ్రేములు! ఇద్దరం అర్ధరాత్రి దాటాక కూడా ఆ నగరంలో కారు తిప్పుతూనే ఉన్నాం. మర్నాడు టాస్క్ మేనేజర్‌లో మెమరీ స్పీడ్ 2400 అని కనిపించింది. బయోస్‌లోకి (మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లోకి) వెళ్లి, ర్యామ్‌ని దాని మీద రాసిన స్పీడులో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చేస్తే 3200కి వచ్చింది, ఇంకో నాలుగైదు ఫ్రేములు కలిశాయి. అంటే ఎనిమిది నెలలు నా ర్యామ్ కొన్న స్పీడులో కూడా నడవలేదన్నమాట. బిగించి ఇచ్చినప్పుడే ఆన్ చేయాల్సిన సెట్టింగ్ అది.

అక్కడి నుంచి ఏడాది పాటు కార్డు లేదన్న బెంగే లేకుండా ఆడాను. వాలరెంట్ హాయిగా నడిచింది. ఈ ప్రాసెసర్‌ని కనిపించినవాళ్లందరికీ కొనమని చెప్పాను.

ఆ మాటను ఇప్పుడు కొంచెం తగ్గించుకోవాలి. 2022 సెప్టెంబర్‌లో గ్రాఫిక్స్ కార్డులతో ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ మైనింగ్ ఆగిపోయింది. ఏడాది తిరిగాక, ధరలు దారికొచ్చాయని ఆర్ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు కొన్నాను. కార్డు బాగుంది. అయితే 5600జీలో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన చిన్న మెమరీ) 16 ఎంబీ, పేరులో జీ లేని 5600లో 32 ఎంబీ. కార్డుకీ ప్రాసెసర్‌కీ మధ్య దారి అయిన పీసీఐఈ 5600లో 4.0 ఉంది, మనదాంట్లో 3.0 దగ్గరే ఆగిపోయింది. ఆ కార్డుకు ఎనిమిది లేన్లు (డేటా వెళ్లే వరుసలు) ఉన్నాయి, కాబట్టి నాకు నష్టం తక్కువే. నాలుగే లేన్లున్న ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ పెట్టి ఉంటే ఇంకా గట్టిగా తగిలేది. మా ఆఫీసులో ఒకరికి 5600, అదే కార్డు ఉన్నాయి. గేమ్‌లో జనం కిక్కిరిసిన వీధుల్లోకి వెళ్తే నా దగ్గర ఫ్రేములు జారతాయి, ఆయన దగ్గర అంతగా జారవు. పక్కపక్కన పెట్టి చూశాం కాబట్టి చెబుతున్నా.

మిగతావాటి గురించి పెద్దగా చెప్పడానికి లేదు. 450 వాట్ల బ్రాంజ్ ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) కార్డుతో కూడా ఇబ్బంది పెట్టలేదు. ప్రాసెసర్‌తో వచ్చిన ఫ్యాన్ మే నెలలో గట్టిగా మోగుతుంది, టెంపరేచర్ 85 దాకా పోయింది. మా వీధిలో అపార్ట్‌మెంట్లు కడుతున్నారు, నెలకోసారి దుమ్ము దులపకపోతే ఇంకా ఎక్కుతుంది. ఏసీ గదిలో వాడేవాళ్లకు ఈ గొడవ ఉండకపోవచ్చు.

మొన్న మా పిన్ని కొడుకు ఇంజినీరింగ్‌లో చేరుతూ ఇలాంటిదే సెకండ్‌హ్యాండ్‌లో కొనమంటావా అని అడిగాడు. రెండేళ్లు కార్డు కొనలేనంటే కొనుక్కోమన్నాను. ఆరు నెలల్లో కొంటానంటే 5600కి వెళ్లమన్నాను, అప్పటిదాకా సిస్టమ్ కొనడమే ఆపుకోవాలి మరి, కార్డు లేకపోతే దాంట్లో బొమ్మే రాదు. వాడి చేతికి కార్డు డబ్బులు ఎప్పుడొస్తాయో వాడికే తెలియదు, 5600జీనే తీసుకున్నాడు. వాడికి దొరికిన బోర్డుకు ర్యామ్ స్లాట్లు రెండే. ఒక్క 16 పెట్టుకుని తర్వాత ఇంకో 16 వేస్తానన్నాడు. రేపు 32 కావాలంటే రెండూ తీసేయాల్సి వస్తుందని తెలిసి కూడా, రెండు 8 జీబీలే పెట్టించాను.