ఎక్సెల్‌లో తప్పులు పట్టే పనిముట్లు: ఏళ్ల తరబడి వాడాక ఏది నిలిచింది, ఏది తేలిపోయింది

ఎక్సెల్ షీటులో తప్పులు రెండు రకాలు. #రెఫ్!, #వాల్యూ!, #ఎన్/ఏ లాంటివి అరిచి మరీ చెబుతాయి. రెండో రకం మామూలు అంకె వేషంలో నోరు మెదపకుండా కూర్చుంటాయి. ఫార్ములాస్ ట్యాబ్‌లోని ఆడిటింగ్ బటన్లకు మొదటి రకం తేలిగ్గా దొరుకుతుంది. కొంప ముంచేది రెండో రకం. ఆర్థికవేత్తలు రైన్‌హార్ట్, రోగాఫ్ 2010లో ప్రచురించిన ప్రభుత్వ అప్పుల పరిశోధనలో సగటు తీసే ఫార్ములా 30వ వరుస నుంచి 49 దాకా పోవాల్సింది, 44 దగ్గరే ఆగింది. ఐదు దేశాలు ఆ సగటులోకి రాలేదు. ఎర్రర్ ఏదీ కనబడలేదు కాబట్టి, 2013లో థామస్ హెర్న్‌డన్ అనే పరిశోధక విద్యార్థి అసలు ఫైలు తెప్పించుకుని చూసేదాకా సంగతి బయటపడలేదు.

ఈ మౌనపు తప్పుల దగ్గర నేను ఎక్కువ మార్కులు వేసేది ఆడిటింగ్ బటన్లకు కాదు, ఎఫ్5 నొక్కితే వచ్చే ‘గో టు’ డబ్బాలోని ‘స్పెషల్’కి. డి2 నుంచి డి500 దాకా ఒకే ఫార్ములా ఉండాలనుకోండి. ఆ కాలమ్‌ని ఎంపిక చేసి స్పెషల్‌లో ‘కాన్‌స్టంట్స్’, దాని కింద ‘నంబర్స్’ మాత్రం పెట్టండి. ఫార్ములా చెరిపేసి ఎవరో చేత్తో కొట్టిన అంకెలన్నీ ఒక్కసారే ఎంపికవుతాయి. వెంటనే పసుపు రంగు పూసేయండి, లేదంటే మౌస్ ఒక్క క్లిక్‌తో ఆ ఎంపిక పోతుంది. ఒక్క సెల్ మీదే ఉండి ఇది నడిపితే మొత్తం షీటు వెతుకుతుంది, అది గుర్తుంచుకోవాలి.

తర్వాతి అడుగు అదే కాలమ్‌ని డి2 నుంచి కిందికి ఎంపిక చేసి కంట్రోల్+షిఫ్ట్+బ్యాక్‌స్లాష్ నొక్కడం. డి2లో బి2ని సి2తో గుణించి ఉంటే, కింద ప్రతి వరుసలోనూ అదే పొందిక ఉందా అని చూసి, తేడా ఉన్న సెల్స్‌ని పట్టిస్తుంది. అడ్డంగా పోయే ఫార్ములాలకైతే షిఫ్ట్ అక్కర్లేదు. పోల్చేది యాక్టివ్ సెల్‌తో, అంటే ఎంపిక మొదలుపెట్టిన సెల్‌తో కాబట్టి డి2యే తప్పైతే మిగతావన్నీ దోషులుగా నిలబడతాయి! అలా వందల సెల్స్ ఎంపికైతే ముందు డి2నే అనుమానించండి.

సెల్ మూలలో వచ్చే ఆకుపచ్చ త్రికోణాన్ని చాలామంది విసుగొచ్చి ఆపేస్తారు. అలా చేయకండి, కానీ పూర్తిగా నమ్మకండి కూడా. పక్కవాటితో పొసగని ఒంటరి ఫార్ములాని బాగానే పడుతుంది. వరుసగా ఇరవై సెల్స్‌లో ఒకే తప్పు ఫార్ములా లాగేసి ఉంటే అవి ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకుంటాయి, మధ్యలో త్రికోణం రాదు. ఫార్ములాల నడుమ టైపు చేసిన అంకెని మామూలు రేంజ్‌లో అసలు పట్టించుకోదు. కంట్రోల్+టితో దాన్ని టేబుల్‌గా మార్చాక, లెక్క కాలమ్‌లో వేరే అంకె కొడితే మాత్రం గుర్తు పెడుతుంది.

బాణాల సంగతి: ఫార్ములాలోకి ఏ సెల్స్ వస్తున్నాయో గీతలతో చూపే ‘ట్రేస్ ప్రిసీడెంట్స్’ చూడ్డానికి బాగుంటుంది, పెద్ద షీటులో నీలి గీతల సాలెగూడు అవుతుంది. వేరే షీటు నుంచి వచ్చే లింకుకి చిన్న షీటు బొమ్మతో నల్ల చుక్కల గీత వస్తుంది. ఆ గీత మీద డబుల్ క్లిక్ చేస్తే చిరునామాల జాబితా తెరుచుకుంటుంది. రోజువారీ వాడకానికి కంట్రోల్+ఎడమ స్క్వేర్ బ్రాకెట్ నయం, నేరుగా మూలానికి తీసుకెళుతుంది. సెల్ చిరునామాని అక్షరాల నుంచి తయారుచేసుకునే ఇండైరెక్ట్ ఫంక్షన్ ఉన్నచోట ఇవేవీ అసలు సెల్‌ని చూపలేవు.

పొడవాటి ఫార్ములాని విప్పి చూడ్డానికి ‘ఇవాల్యుయేట్ ఫార్ములా’ ఉంది కానీ నిదానం. ఫార్ములా బార్‌లో అనుమానం ఉన్న ముక్కని ఎంపిక చేసి ఎఫ్9 కొడితే దాని విలువ అక్కడే కనబడుతుంది. చూశాక ఎస్కేప్ నొక్కాలి. ఎంటర్ నొక్కారా, ఆ ముక్క శాశ్వతంగా అంకెగా మారిపోతుంది. తప్పు వెతకబోయి కొత్త తప్పు నాటినట్టే.

అంకెలా కనిపించే అక్షరాలు ఇంకో తలనొప్పి. ఇలాంటివాటిని సమ్ చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. కాలమ్ చివర కౌంట్ (అంకెలున్న సెల్స్‌నే లెక్కిస్తుంది), కౌంటా (ఖాళీ కాని ప్రతి సెల్‌నీ లెక్కిస్తుంది) రెండూ వేసి చూడండి. నడుమ ఖాళీలు, శీర్షికలు లేని రేంజ్‌లో రెండూ ఒకటే రావాలి, తేడా ఉంటే అన్ని సెల్స్ లెక్కలోకి రావట్లేదన్నమాట. వెబ్ పేజీ నుంచి తెచ్చిన డేటాలో 160 కోడ్ ఉన్న ఖాళీ అక్షరం దూరుతుంది. అదనపు ఖాళీలు తీసే ట్రిమ్ ఫంక్షన్ దాన్ని తీయదు, సబ్‌స్టిట్యూట్‌తో క్యార్(160)ని ఖాళీగా మార్చాలి.

జాబితాలో పేరు వెతికి దాని పక్కనున్న విలువ తెచ్చే వీలుకప్ ఫంక్షన్‌లో నాలుగో విలువ రాయకపోతే దగ్గరి పోలికతో వెతుకుతుంది. జాబితా క్రమంలో లేకపోతే ఎర్రర్ లేకుండానే వేరేవాళ్ల అంకె తెచ్చి పెడుతుంది. ఫాల్స్ అని రాయడం మానొద్దు. దాని చుట్టూ ఏ ఎర్రర్‌నైనా కప్పేసే ఇఫెర్రర్ చుట్టి సున్నా చూపించే అలవాటు మరీ చెడ్డది, #రెఫ్! కూడా ఆ సున్నా కిందే దాక్కుంటుంది. దొరకని పేర్ల కోసమే అయితే #ఎన్/ఏని మాత్రమే కప్పే ఇఫ్‌ఎన్‌ఏ చాలు.

మొత్తాలు సరిచూసే సెల్ ఒకటి ప్రతి షీటులో పెట్టండి: అడ్డు మొత్తాల కూడిక, నిలువు మొత్తాల కూడిక, వాటి తేడా. తేడా సున్నాయేనా అని అడగొద్దు. దశాంశాల్ని బైనరీలో దాచుకోవడం వల్ల ఎక్కడో చివర రవ్వంత మిగులుతుంది, కాబట్టి ఏబీఎస్‌తో మైనస్ గుర్తు తీసేసి 0.005 కంటే తక్కువా అని అడగండి. ఆ సెల్‌ని వాచ్ విండోలో చేర్చుకుంటే ఏ షీటులో ఉన్నా కళ్లముందే ఉంటుంది. అది కదలకుండా మొండికేస్తే, లెక్కింపు మాన్యువల్‌లో ఉందేమో చూడండి. మొదట తెరిచిన ఫైలు ఏ మోడ్‌లో ఉంటే తర్వాత తెరిచినవీ అదే పాటిస్తాయి.