నాలుగేళ్లు మోసిన చార్జర్ల సంచి: ఏది మిగిలింది, ఏది ఇంట్లో ఉండిపోయింది

నాది ఆడిట్ పని, ఇల్లు శ్రీకాకుళంలో. నెలకి రెండుసార్లయినా ఆమదాలవలస వెళ్లి రైలెక్కాలి. విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాద్, ప్రశాంతిలో బెంగళూరు, మధ్యమధ్యలో రాజాం, బొబ్బిలి, పార్వతీపురం బస్సులు. 2021లో ఈ తిరుగుడు మొదలైనప్పుడు నా బ్యాగులో ఏమున్నాయో చెబితే నవ్వుతారు. ల్యాప్‌టాప్, ఇటుకంత దాని చార్జరు, నా ఫోను, ఆఫీసు ఫోను, వాటి రెండు చార్జర్లు, ట్యాబు, ఈ-రీడరు, వాచీ, దాని గుండ్రటి చార్జింగ్ బిళ్ల, చెవి బడ్స్, 20,000 ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత పడుతుందో చెప్పే కొలత) పవర్ బ్యాంకు. స్టేషన్లో దింపడానికొచ్చిన చిన్నాన్న జిప్పు సరిగా పడని ఆ బ్యాగుని చూసి, "ఏటమ్మా ఇది, బట్టలకన్నా తాళ్లే ఎక్కువున్నాయి! పాములోడి బుట్టలాగుంది" అన్నాడు.

ఇప్పుడు వైర్లు, చార్జరు, పవర్ బ్యాంకు అన్నీ కలిపి ఒక పెన్సిల్ పౌచ్‌లో పడతాయి. మిగిలినవాటి గురించీ, తీసేసినవాటి గురించీ ఈ సమీక్ష.

అన్నిటికన్నా ఎక్కువ పని చేసింది మూడు పోర్టుల 65 వాట్ల గ్యాన్ చార్జరు (గాలియం నైట్రైడ్‌తో చేసేది, చిన్నదైనా ఎక్కువ వాట్లిస్తుంది). అందులో రెండు యూఎస్‌బీ-సి పోర్టులు, ఒకటి పాత పలక యూఎస్‌బీ. కొన్నప్పుడు రెండు వేల రూపాయల పైనే అయింది. ల్యాప్‌టాప్ ఇటుకనీ రెండు ఫోన్ చార్జర్లనీ ఒక్క దెబ్బకి బ్యాగులోంచి తీసేయించింది కాబట్టి ఆ ధర నాకు గుచ్చుకోలేదు. అయితే డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉన్న 65 ఒక్క పోర్టు వాడినప్పటి లెక్క. రెండోది కూడా పెడితే నా దాంట్లో ల్యాప్‌టాప్‌కి 45, ఫోనుకి 20 వస్తాయి. ఈ సంగతి లోపలి కాగితంలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. హైదరాబాద్‌లో మొదటి రాత్రి ల్యాప్‌టాప్ తెర మీద "నెమ్మదిగా చార్జ్ అవుతోంది" అని వస్తే చార్జరు పాడైపోయిందని టెన్షన్ పడ్డాను. ఇంకో వింత కూడా ఉంది. మూడోది గుచ్చగానే మిగతా రెండూ ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలవుతాయి. లోపల వాట్లు మళ్లీ పంచుకోవడం వల్ల అలా జరుగుతుంది, లోపమేమీ కాదు.

నా ఫోనుకి దాని కంపెనీ చార్జరు పెడితే అరగంటలో చాలావరకు నిండుతుంది. ఈ చార్జరుతో గంటన్నర పైగా పడుతుంది, ఎందుకంటే ఆ కంపెనీ స్పీడు పద్ధతి వేరు, ఈ చార్జరుకి తెలిసిన పీడీ (పవర్ డెలివరీ, చాలా కంపెనీలు కలిసి వాడే పద్ధతి) వేరు. పొద్దున్నే తొందరగా బయటపడాల్సిన వాళ్లకి ఇది ఇబ్బందే. నేను రాత్రి పెట్టి పడుకుంటాను కాబట్టి నాకు పట్టలేదు.

వైర్ల విషయంలో మాత్రం చాలా నష్టపోయాను. పవర్ బ్యాంకుతో ఇచ్చిన వైరు సి పిన్నుదే అయినా రెండో చివర పాత యూఎస్‌బీ, దాంతో ల్యాప్‌టాప్ ఎక్కనే ఎక్కదు. రెండు వైపులా సి ఉన్నా మామూలు వైరు 3 ఆంపియర్లు, అంటే 60 వాట్ల దాకానే మోస్తుంది. ఆపైన కావాలంటే తలలో చిన్న చిప్పున్న 5 ఆంపియర్ల వైరు కొనాలి. మూడు వైర్లు మెడ దగ్గర విరిగాక, ఇప్పుడు నా దగ్గరున్నవి రెండే. ఒకటి 2 మీటర్ల లావుపాటి సి వైరు, ఇంకోటి పవర్ బ్యాంకుకి జానెడు వైరు. ఆ 2 మీటర్లూ ఎందుకో పై బెర్తు మీద పడుకుని కింద సాకెట్టు కోసం చెయ్యి చాపినవాళ్లకి చెప్పక్కర్లేదు.

రైలు సాకెట్ల దగ్గర చాలామంది భయపడేది పక్కనే రాసి ఉండే 110 వోల్టులు చూసి. ఫోను, ల్యాప్‌టాప్ చార్జర్ల మీద ఇన్‌పుట్ 100-240 వోల్టులని ఉంటే అక్కడ నిశ్చింతగా పెట్టుకోవచ్చు. నా పాత ట్రిమ్మరు చార్జరు మీద 220-240 అని మాత్రమే ఉంది. అది రైల్లో ఎక్కలేదు, గదికెళ్లాకే ఎక్కింది. అసలు ఇబ్బంది వోల్టుల వల్ల కాదు, సాకెట్టు వదులు వల్ల. వేలమంది గుచ్చి పీకిన రంధ్రాలవి. గ్యాన్ చార్జరు చిన్నదే కానీ బరువు. గుచ్చితే తల వాల్చి, తుని దాటేలోపు కింద చెప్పుల మీద పడేది. రెండుసార్లు పడి ఒక మూల సొట్ట పోయింది. పైగా 2021 నుంచీ రాత్రి 11 నుంచి తెల్లవారుజామున 5 దాకా చార్జింగ్ పాయింట్లకి కరెంటు తీసేస్తున్నారు. అగ్ని ప్రమాదాల భయంతో పెట్టిన నియమం అది, తప్పు పట్టలేను. కాబట్టి పడుకునేటప్పుడు పెడదాంలే అనుకుంటే పొద్దున్న సికింద్రాబాద్‌లో చచ్చిపోయిన ఫోనుతో దిగాలి. సాయంత్రం విశాఖ దాటాక భోజనంలోపే పెట్టేసుకోవడం అలవాటైంది.

ఈ వదులు సాకెట్టుకి మందు శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలి దగ్గర ఒక ఎలక్ట్రికల్ షాపులో దొరికింది. రెండు పిన్నుల తేలికపాటి ప్లగ్గు, మీటరున్నర వైరు, చివర మూడు సాకెట్ల చిన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు. షాపాయన అక్కడికక్కడే వైరు కోసి బిగించి ఇచ్చాడు, రెండు వందల లోపే. ప్లగ్గు తేలిక కాబట్టి రైలు సాకెట్లో నిలబడుతుంది, బరువైన చార్జరు బెర్తు మీద నా పక్కనే పడుకుంటుంది. నాలుగేళ్లలో నేను కొన్నవాటిలో దీన్ని మించింది లేదు. నడిచే దారిలో వైరు పడకుండా బెర్తు అంచు వెంట లాగి బట్టల క్లిప్పు పెడతాను. పక్కవాళ్లని అందులో ఫోన్లు తప్ప ఇంకేమీ పెట్టనివ్వను. ఒకాయన కెటిల్ తీస్తే దండం పెట్టాను.

లాడ్జీల్లో కూడా దీని విలువ తెలుస్తుంది. మన జిల్లాల పాత లాడ్జీల్లో మంచం దగ్గర సాకెట్టుంటే అదృష్టం. ఉన్నదొక్కటీ టీవీ వెనకాల, లేదా గీజరు కోసం పెట్టిన 15 ఆంపియర్ల పెద్ద రంధ్రాలది. కొత్త హోటళ్లలో ఇంకో రకం తిప్పలు. తలుపు పక్కన గుచ్చిన తాళం కార్డు తీసి టిఫినుకి వెళ్తే గది మొత్తం కరెంటు పోతుంది, నిండుతోందనుకున్న ల్యాప్‌టాప్ అలాగే ఉంటుంది.

ఇక పవర్ బ్యాంకు. మొదట కొన్న 20,000ది దగ్గర దగ్గర అరకిలో ఉండేది. దాన్ని నింపడానికే ఒక రాత్రంతా కావాలి. మూడో వేసవిలో రాజాంలో ఎండన నిలిపిన కారులో మధ్యాహ్నమంతా మర్చిపోయాను. వారం తిరిగేసరికి పూరీలా ఉబ్బింది. కంపెనీకి ఫోన్ చేస్తే వారంటీ అయిపోయిందన్నారు, పాతది ఎక్కడ ఇవ్వాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాడేసిన బ్యాటరీలు వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదే. చివరికి పెరట్లో ఇసక పోసిన కుండలో దాన్ని పెట్టి, కొన్నాళ్లకి పాత సామాను తీసుకునే షాపు వాళ్లకి అప్పగించాను. ఉబ్బినదాన్ని చెత్తబుట్టలో వేయకండి, గుచ్చి చూడకండి.

ఇప్పుడు సంచిలో ఉన్నది 10,000ది. 10,000 అంటే 5,000 బ్యాటరీ ఫోను రెండుసార్లు నిండుతుందనుకుంటాం. లోపలి సెల్లు 3.7 వోల్టులది, బయటికి 5 వోల్టులుగా పెంచి ఇవ్వాలి, దారిలో కొంత వేడిగా పోతుంది. వెనక చిన్నక్షరాల్లో రేటెడ్ కెపాసిటీ అని ఆరు వేల చిల్లర కనిపిస్తుందే, అదే నిజమైన లెక్క. నా ఫోను ఒకసారి నిండి, ఇంకోసారికి పావు వంతు పైన వస్తుంది. ఒక రాత్రి ప్రయాణానికి అది చాలు.

విమానంలో అయితే పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి, కింద వేసే లగేజీలో పెట్టనివ్వరు. 100 వాట్ అవర్ల దాకా ప్రత్యేకంగా అడగక్కర్లేదు, 160 దాకా విమాన సంస్థ ఒప్పుకోవాలి. ఎంఏహెచ్‌ని వెయ్యితో భాగించి 3.7 వోల్టులతో గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి: 20,000ది 74, 10,000ది 37, రెండూ 100 లోపలే. మా తమ్ముడు దుబాయ్ వెళ్తున్నప్పుడు ఈ లెక్క వేసి ఇచ్చాను. అక్కడి గోడలకి మూడు పలక పిన్నుల సాకెట్లు, మన గుండ్రటి పిన్నులు దూరవు, అడాప్టరు తీసుకోవాలి. 2025 అక్టోబరు నుంచి ఎమిరేట్స్ విమానాల్లో ఒక్క పవర్ బ్యాంకే తీసుకెళ్లనిస్తున్నారు, దాన్ని కూడా లోపల వాడకూడదు.

ఉబ్బింది పోయాక మళ్లీ 20,000ది కొన్నాను గానీ అది ఇల్లు కదలదు. మా మావయ్యగారి ఊరు ఉద్దానంలో. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి తోటలు పడిపోయి, కరెంటు స్తంభాలు ఒరిగిపోయి, రోజుల తరబడి చీకటే. మావయ్య ట్రాక్టరు బ్యాటరీకి కారు చార్జరు తగిలించి వీధిలో వాళ్ల ఫోన్లన్నీ వరసగా నింపాడు. ఆ మాటలు విన్నాక, అక్టోబరు, నవంబరుల్లో నేను ఊరెళ్లేటప్పుడు పెద్దది అమ్మ దగ్గర నిండుగా ఉంటేనే నాకు నిద్ర పడుతుంది.

తీసేసినవి టూకీగా చెబుతాను. ట్యాబు: ల్యాప్‌టాప్ ఉండగా అది దండగ. ఆఫీసు ఫోను: రెండో సిమ్ము నా ఫోన్లోనే వేసుకున్నాను. వాచీ బిళ్ల: పార్వతీపురం లాడ్జిలో మర్చిపోయి రెండు వారాలు ఆగిపోయిన వాచీతో తిరిగాక, రెండ్రోజుల ప్రయాణానికి వాచీని ఇంట్లోనే నింపుకుని వెళ్తున్నాను. ఈ-రీడరు మాత్రం ఉంచాను, వారాల తరబడి చార్జింగ్ అడగని వస్తువు మీద నాకు ప్రత్యేకమైన ప్రేమ.

మొన్న చిన్నాన్న కాశీ ప్రయాణం పెట్టుకుని ఫోన్ చేశాడు. "అమ్మా, ఆ తాళ్ల సంచిలో రైలు డబ్బా ఒకటుంది కదా, ఓపాలి అట్టుకెళ్లి ఇచ్చేస్తాను" అన్నాడు. ఎక్స్‌టెన్షన్ బాక్సు ఇచ్చాను. ఆయన తిరిగొచ్చి ఇరవై రోజులైంది, డబ్బా ఇంకా రాలేదు. నిన్న ఏడురోడ్ల కూడలికి వెళ్లి ఇంకోటి చేయించుకున్నాను, ఈసారి వైరు 2 మీటర్లు.