కొత్త టాప్ చిప్పా, నిరుటి టాప్ చిప్పా, మధ్యరకమా: ఏది మేలు?

ఫోన్ కొనేవాళ్లు ఇప్పుడు షాపులో ముందు ప్రాసెసర్ (చిప్) పేరే అడుగుతున్నారు. మంచిదే. కానీ జవాబు మాత్రం ఎప్పుడూ ఒకటే వస్తుంది: "లేటెస్ట్ తీసుకోండి సార్, ఫ్యూచర్‌కి పనికొస్తుంది." ఆ మాట నమ్మి పాతిక ముప్పై వేలు అదనంగా, అదీ ఈఎంఐ మీద పెట్టేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఆ డబ్బుకు ఏమొస్తుందో నిజమైన ఫోన్లను పక్కపక్కన పెట్టి చూద్దాం.

2025 జనవరిలో వన్‌ప్లస్ మన దేశంలో ఒకే రోజు రెండు ఫోన్లు విడుదల చేసింది. వన్‌ప్లస్ 13లో అప్పటికి సరికొత్త స్నాప్‌డ్రాగన్ 8 ఎలైట్ చిప్, ప్రారంభ ధర రూ.69,999. వన్‌ప్లస్ 13ఆర్‌లో అంతకుముందు ఏడాది టాప్ చిప్ స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 3, ధర రూ.42,999. రెండింట్లోనూ ర్యామ్ 12 జీబీ, స్టోరేజీ 256 జీబీ, బ్యాటరీ 6,000 ఎంఏహెచ్. మూడోదిగా 2024 ఏప్రిల్‌లో రూ.24,999కు వచ్చిన వన్‌ప్లస్ నార్డ్ సీఈ4ను తీసుకుందాం. అందులో ఉన్నది మధ్యరకం స్నాప్‌డ్రాగన్ 7 జెన్ 3. ఈ మోడళ్లు పాతబడతాయి, కానీ షాపులో ఈ మూడు మెట్లు ఏటా ఉండేవే.

మొదటి రెండింటికీ తేడా రూ.27,000. అదంతా చిప్ ఖరీదు కాదు. 13లో వైర్‌లెస్ చార్జింగ్ ఉంది, 13ఆర్‌లో లేదు. జూమ్ కెమెరా మెరుగ్గా ఉంటుంది, నీళ్ల నుంచి రక్షణ ఎక్కువ. ఇవి మీకు కావాలనుకుంటే డబ్బు పెట్టడంలో తప్పు లేదు. "చిప్ కోసం" అని పెడితేనే ఆలోచించాలి.

8 జెన్ 3 తయారైంది 4 నానోమీటర్ల ప్రాసెస్‌లో, 8 ఎలైట్ 3 నానోమీటర్లలో. ప్రాసెస్ అంటే చిప్ తయారీ పద్ధతి, అంకె ఎంత చిన్నదైతే అంత కొత్తది. మొదటిదాని పెద్ద కోర్ (చిప్‌లో లెక్కలు చేసే భాగం) వేగం 3.3 గిగాహెర్ట్జ్, రెండోదానిది 4.32. పాతదానికంటే సీపీయూ (ఆ కోర్లన్నీ కలిసిన భాగం) పనితీరు 45 శాతం ఎక్కువ, కరెంటు ఆదా 44 శాతం మెరుగు అని స్నాప్‌డ్రాగన్ చిప్‌ల కంపెనీ క్వాల్‌కామ్ ప్రకటించింది. వినగానే రెండూ కలిపి మన చేతికి వస్తాయనిపిస్తుంది. రావు. వేగం పూర్తిగా వాడుకుంటే ఆదా పోతుంది, ఆదా కావాలంటే వేగం తగ్గించుకోవాలి. చిప్ తినే కరెంటు దాని వేగాన్ని బట్టీ, వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని వోల్టేజీతోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టీ పెరుగుతుంది. వేగం పెంచాలంటే వోల్టేజీ కూడా పెంచక తప్పదు. అందుకే చిట్టచివరి కాస్త వేగానికి అయ్యే కరెంటు, అంతకుముందు వచ్చిన వేగానికి అయినదానితో పోలిస్తే చాలా ఎక్కువ. బెంచ్‌మార్క్‌లో (వేగం కొలిచే పరీక్షలో) పెద్ద అంకె వచ్చేది అక్కడే, వేడి పుట్టేదీ అక్కడే.

ఆ వేడి ఎక్కడికి పోవాలి? ల్యాప్‌టాప్‌లోలా మామూలు ఫోన్‌లో ఫ్యాన్ ఉండదు. అరచేతిలో పట్టే ఆ పలక ఎక్కువసేపు వదిలించుకోగలిగే వేడి సుమారు నాలుగైదు వాట్లు. పైన మన ఎండలు. ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని ఆపిల్ తానే చెబుతుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో మధ్యాహ్నం 45 డిగ్రీలు. డెలివరీ కుర్రాడి బండి హ్యాండిల్ మీద ఫోన్ బిగించి ఉంది. మ్యాప్ నడుస్తోంది, జీపీఎస్ ఆన్, డేటా ఆన్, ఎండకు కనబడాలని వెలుతురు ఫుల్. కాసేపటికి స్క్రీన్ దానంతటదే మసకబారుతుంది, చార్జింగ్ ఆగుతుంది, మ్యాప్ వెనకబడుతుంది. చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటోందన్నమాట. ఆ క్షణాన పెట్టె మీది 4.32 గిగాహెర్ట్జ్ ఆ అబ్బాయికి ఎందుకూ కొరగాదు. ఒక మాట న్యాయంగా చెప్పాలి: నెమ్మదిగా నడిచేటప్పుడు కూడా కొత్త ప్రాసెస్ చిప్ అదే పనిని తక్కువ కరెంటుతో చేస్తుంది. దాని అసలు గొప్ప అదే. ప్రకటనల్లో మాత్రం కనబడేది గిగాహెర్ట్జ్‌లే.

కొత్తది ఎప్పుడూ చల్లగా ఉంటుందనీ లేదు. 2021 చివర్లో వచ్చిన స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 1 సామ్‌సంగ్ ఫ్యాక్టరీలో తయారైంది, వేడెక్కుతుందని పేరు తెచ్చుకుంది. దాదాపు అదే డిజైన్‌ను తైవాన్‌లోని చిప్ తయారీ కంపెనీ టీఎస్‌ఎంసీకి మార్చి 2022 మేలో 8 ప్లస్ జెన్ 1 అని తెచ్చేసరికి వేడీ తగ్గింది, బ్యాటరీ కూడా ఎక్కువసేపు వచ్చింది. పేరులో తేడా ఒక్క 'ప్లస్', వాడకంలో తేడా చాలా. ఆరు నెలలు ఆగినవాళ్లే బాగుపడ్డారు.

మధ్యరకం సంగతి తొందరగా తేలిపోతుంది. వాట్సాప్, యూపీఐ, యూట్యూబ్, ఆన్‌లైన్ క్లాసులకు నార్డ్ సీఈ4 తరగతి చిప్ చాలు. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో తెలుగు డౌన్‌లోడ్ చేసుకుంటే మామూలు ఫోన్‌లో కూడా నెట్ లేకుండా అనువాదం అవుతుంది, దానికి టాప్ చిప్ అక్కర్లేదు. తేడా తెలిసేది కెమెరా దగ్గర. పెళ్లి పందిట్లో తలంబ్రాలు పోస్తున్నప్పుడు వరుసగా ఫొటోలు నొక్కండి. ఒక్కో ఫొటోకి ఫోన్ కొన్ని ఫ్రేములు తీసి, కలిపి, నాయిస్ (ఫొటోలో చుక్కచుక్కలుగా కనబడే మరకలు) తీసేయాలి. టాప్ చిప్‌లోని ఇమేజ్ ప్రాసెసర్ ఆ పనిని వెనకాల కానిస్తూనే తర్వాతి ఫొటోకి సిద్ధంగా ఉంటుంది. మధ్యరకంలో గ్యాలరీ తెరిస్తే ఇంకా "ప్రాసెసింగ్" అని తిరుగుతూ ఉంటుంది, ఈలోపు తలంబ్రాలు అయిపోతాయి. పిల్లల ఫొటోలు, వీడియోలు ఎక్కువ తీసే ఇంటికి ఈ తేడా నిజమైనది. కానీ ఈ లాభం నిరుటి టాప్ చిప్‌తోనూ వస్తుంది. అందుకే నా ఓటు దానికే.

"మరి ఏఐ వస్తోంది కదా, అప్పుడేం చేస్తారు?" అని అడుగుతారు. అక్కడ ముందు అడ్డుపడేది చాలాసార్లు ర్యామ్. 2023 సెప్టెంబరులో వచ్చిన ఐఫోన్ 15కు ఏడాది తర్వాత వచ్చిన ఆపిల్ ఇంటెలిజెన్స్ అనే ఏఐ సౌకర్యం అందలేదు. దానితోపాటే విడుదలైన 15 ప్రోకు అందింది. చిప్‌లు వేరే అయినా, ఆ సౌకర్యం ఇచ్చిన ఫోన్లన్నింట్లోనూ కనీసం 8 జీబీ ర్యామ్ ఉంది, ఐఫోన్ 15లో ఉన్నది 6. భవిష్యత్తు కోసం డబ్బు పెట్టాలనుకుంటే గిగాహెర్ట్జ్ మీద కాదు, ర్యామ్ మీద పెట్టండి.

ఇప్పుడు 2 నానోమీటర్ల వంతు. టీఎస్‌ఎంసీ లెక్క ప్రకారం తన 3 నానోమీటర్ల ప్రాసెస్‌తో పోలిస్తే, అదే కరెంటుకు 10-15 శాతం వేగం పెరుగుతుంది. లేదా అదే వేగానికి 25-30 శాతం కరెంటు తగ్గుతుంది. ఇందులో ఏది తీసుకుంటారన్నది చిప్ కంపెనీల చేతుల్లో ఉంది. నాకైతే రెండోది కావాలి. మన ఎండల్లో, మన వాడకంలో చల్లగా నడిచే ఫోనే బ్యాటరీని ఎక్కువ ఏళ్లు కాపాడుతుంది. 8 ఎలైట్ తర్వాతి తరం 4.6 గిగాహెర్ట్జ్‌కు వెళ్లింది కాబట్టి కంపెనీల మొగ్గు ఎటో కనబడుతూనే ఉంది. ఇంకోవైపు 2025లో ఆపిల్ ఐఫోన్ 17 ప్రోలో వేడి పంచడానికి వేపర్ చాంబర్ (లోపలి ద్రవం ఆవిరై వేడిని మోసుకెళ్లే పలుచని లోహపు పెట్టె) పెట్టింది, టైటానియం వదిలి వేడిని బాగా లాగే అల్యూమినియానికి మారింది. వేడే అసలు హద్దు అని వాళ్లకూ తెలుసు.

కాబట్టి 4కే వీడియోలు తీసి, ఎడిట్ చేసి దాని మీద బతికేవాళ్లు, గేమింగ్‌ను సీరియస్‌గా తీసుకునేవాళ్లు కొత్త టాప్ చిప్ తీసుకోండి, డబ్బు వృథా కాదు. అమ్మానాన్నలకు కొంటున్నారా? మధ్యరకం చాలు, మిగిలిన డబ్బుతో ర్యామ్, స్టోరేజీ ఎక్కువున్న వేరియంట్ చూడండి. మిగతా అందరికీ నిరుటి టాప్ చిప్పే మేలు.

కాకపోతే కొనేముందు ఒకటి సరిచూసుకోవాలి. సామ్‌సంగ్ గెలాక్సీ ఎస్24 నుంచి, గూగుల్ పిక్సెల్ 8 నుంచి ఏడేళ్ల అప్‌డేట్లు ప్రకటించాయి. అన్ని కంపెనీలూ అంతకాలం ఇవ్వవు. పైగా ఆ ఏళ్లు లెక్కేసేది ఫోన్ విడుదలైన రోజు నుంచి, మీరు కొన్న రోజు నుంచి కాదు. నాలుగేళ్ల సెక్యూరిటీ అప్‌డేట్లున్న ఫోన్‌ను ఏడాదిన్నర ఆలస్యంగా చవగ్గా కొంటే చేతిలో మిగిలేవి రెండున్నరేళ్లే. అక్కడ తగ్గింపు ధర కలిసిరాదు.